శూన్యమే గోడ



పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి గేటు దగ్గర తెల్లవారుజామున ఒకసారి నిలబడి చూడండి. లోపల తమ మనిషిని చేర్చి రాత్రంతా చాప మీద జాగారం చేసినవాళ్లు ఒక్కొక్కరే లేస్తారు. చేతిలో ఫ్లాస్కుతో చాయ్ బండి వైపు నడుస్తారు. చాయ్ పోయించుకుని, మూత బిగించి, మళ్లీ లోపలికి వెళ్తారు. ఐదింటికి పోయించిన ఆ చాయ్, డాక్టరు వచ్చి చూసి వెళ్లాక ఎనిమిదింటికి తాగినా నాలుక చురుక్కుమంటుంది.

ఇదే ఊళ్లో ఏ పెద్దాసుపత్రి వెనక్కి వెళ్లినా ఇనుప కంచె లోపల ఒక తెల్లటి ట్యాంకు నిలువుగా నిలబడి కనిపిస్తుంది. పక్కనే అల్యూమినియం రెక్కలు తొడిగిన గొట్టాలు ఉంటాయి. వాటి మీద మే నెల ఎండలో కూడా తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. ఆ ట్యాంకులో ఉన్నది ద్రవ ఆక్సిజన్. సున్నాకు 183 డిగ్రీలు దిగువన, లేత నీలి రంగులో, నీళ్లలాగే కదలాడుతూ ఉంటుంది.

ఫ్లాస్కులో వేడి, ట్యాంకులో చలి. ఒకదానికొకటి ఏ పొత్తూ లేనట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ రెండూ తోబుట్టువులు. చాయ్ వేడినీ, ఆక్సిజన్ చలినీ కాపాడుతున్నది ఒకే రకం గోడ. ఆ గోడ గురించే ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను. దాని విలువేమిటో మన హైదరాబాదుకు ఒక ఏప్రిల్ నెలలో బాగా తెలిసొచ్చింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అది 2021వ సంవత్సరం. కరోనా రెండో విడత ఊరిని కమ్ముకున్న రోజులు. ఎవరి ఫోను మోగినా అవతలి నుంచి అదే మాట, "ఎక్కడన్నా ఆక్సిజన్ బెడ్ ఉందా?" అని. ఏప్రిల్ 23న బేగంపేట విమానాశ్రయంలో వాయుసేన వారి సీ-17 రవాణా విమానం సిద్ధమైంది. శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక, 2008 నుంచి, బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఆ పాత రన్‌వే మీదికి ఆ రోజు ఆక్సిజన్ ట్యాంకర్లు వచ్చాయి. విమానం వెనక తలుపు నేలకు వాల్చితే, ఆ వాలు మీదుగా ఒక్కొక్కటే దాని కడుపులోకి ఎక్కాయి. అక్కడి నుంచి ఒడిశాకు ఎగిరాయి. ఆక్సిజన్ తయారయ్యే ఉక్కు కర్మాగారాలు అక్కడున్నాయి. ఊపిరి అందక అల్లాడే మనుషులు ఇక్కడున్నారు. నడుమ వెయ్యి కిలోమీటర్లకు పైగా దారి ఉంది.

అప్పుడు మా బేగంపేట వీధుల్లో చాలామందికి ఒక సందేహం వచ్చింది. ట్యాంకర్లు విమానంలో వెళ్లింది ఖాళీగా. నింపుకున్నాక తిరిగి వచ్చింది నేల మీద. తొందర ఉన్నది తెచ్చేటప్పుడు కదా, మరి ఖాళీ డబ్బాలను విమానం ఎక్కించి నిండు డబ్బాలను రోడ్డున తీసుకురావడమేమిటి అని. సందేహం న్యాయమైనదే. జవాబు మాత్రం ఆ ట్యాంకరు గోడలో దాగి ఉంది. ఆ గోడ లోపలికి వెళ్లొస్తే గానీ అది అర్థం కాదు.

ముందు, ఆక్సిజన్‌ను అంత చల్లబరిచి ద్రవంగా ఎందుకు మార్చాలి? చోటు కోసం. ఒక లీటరు ద్రవ ఆక్సిజన్ ఆవిరైతే మన గది వేడిలో సుమారు 860 లీటర్ల వాయువు అవుతుంది. ఆసుపత్రుల్లో మనిషి భుజం ఎత్తున నిలబెట్టే పెద్ద సిలిండరు చూసే ఉంటారు. ఇద్దరు మనుషులు పట్టి దొర్లించుకుంటూ తెస్తారు. దాంట్లో పట్టేది సుమారు 7,000 లీటర్ల వాయువు. ద్రవంగా అయితే అదంతా ఎనిమిది లీటర్ల చిల్లర. ఒక బకెట్ కూడా నిండదు. వార్డులో వందల మంది పడుకుని ఉన్నప్పుడు సిలిండర్లు మోసి వాళ్లకు ఊపిరి పొయ్యలేం. ద్రవమే దిక్కు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్ కావలసిన మనిషి ఉన్నారనుకోండి. ఒక లీటరు ద్రవం ఆ మనిషికి దాదాపు గంటన్నర ఊపిరి. ఈ లెక్క మనసులో ఉంచుకోండి. దారిలో ఎక్కడో ఒక లీటరు ఆవిరై గాలిలో కలిసిపోయిందంటే, ఎవరిదో గంటన్నర ఊపిరి పోయిందన్నమాట.

మరి అది ఆవిరి కావడానికి ఎంత వేడి కావాలి? ఇక్కడే చిక్కంతా. మన ఇంట్లో స్టవ్ మీద ఒక కిలో మరిగే నీళ్లు పూర్తిగా ఇగిరిపోవడానికి ఎంత మంట ఖర్చవుతుందో, అంత వేడితో పది కిలోలకు పైగా ద్రవ ఆక్సిజన్ ఆవిరైపోతుంది. అంత సుకుమారం అది. పైగా దానికి వేరే పొయ్యి అక్కర్లేదు. మన గాలే దానికి నిప్పు. బయట 40 డిగ్రీల ఎండ, లోపల సున్నాకు దిగువన 183. గోడకు ఈ పక్కకూ ఆ పక్కకూ 220 డిగ్రీలకు పైగా తేడా. మంచి నీళ్ల కుండ పక్కన మరిగే నూనె మూకుడు పెడితే ఎంత తేడా ఉంటుందో, అంతకన్నా ఎక్కువే.

మనం వాడుకలో "చల్లదనం పోయింది" అంటాం. చలి ఎక్కడికీ పోదండి. వేడే లోపలికి వస్తుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి, నీళ్లు పల్లానికి పారినట్టు పారుతుంది. దాన్ని పూర్తిగా ఆపే గోడ లోకంలో ఇంతవరకు ఎవరూ కట్టలేదు. మనకు చేతనైందల్లా ఆ వచ్చే వేడిని ఆలస్యం చేయడం. గంటలో రావలసింది వారానికి వచ్చేలా చేయడం.

ఆలస్యం చేసే విద్య మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చేటప్పుడు ఊక చల్లి, గోనె సంచి చుట్టి, సైకిలు వెనక కట్టుకొచ్చే మనుషుల్ని పెద్దవాళ్లు చూసే ఉంటారు. పెళ్లికి తెచ్చిన ఐసు మధ్యాహ్నం పంక్తి దాకా నిలిచేది. ఊకలో ఏముంది? ఊక గింజల మధ్య ఇరుక్కుపోయిన గాలి ఉంది. కదలకుండా కట్టేసిన గాలి వేడిని చాలా తక్కువగా మోస్తుంది. ఇవాళ మన తీరంలో రొయ్యల పెట్టెలకు వాడే థర్మోకోల్ చేసేదీ అదే పని. చిన్న చిన్న గదుల్లో గాలిని బంధించడం.

ఊకకు దగ్గరి చుట్టమైన రంపపు పొట్టుతో సముద్రాలే దాటించారు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి సుమారు 180 టన్నుల మంచుగడ్డలు ఓడకెక్కాయి. చెరువుల్లో చలికాలం కోసి తీసిన గడ్డలవి. నాలుగు నెలలు రెండు మహాసముద్రాల మీదుగా, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి కలకత్తా చేరేసరికి 100 టన్నుల దాకా మిగిలాయి. ఆ వ్యాపారం చేసిన ఫ్రెడరిక్ ట్యూడర్ కంపెనీయే 1842లో మద్రాసు సముద్రతీరాన మంచు దాచడానికి ఒక భవనం కట్టించింది. మెరీనా ఒడ్డున ఐస్ హౌస్ అని మన పెద్దలు చెప్పుకునేది దాన్నే. ఇప్పుడది వివేకానందుడి పేరు మీద ఉంది. పొట్టు కప్పిన మంచు మన ఎండలకు అన్నాళ్లు తట్టుకుందంటే, బంధించిన గాలి ఎంత మేలు చేస్తుందో చూడండి.

కానీ ఆక్సిజన్ దగ్గరికి వచ్చేసరికి ఊక చాలలేదు. 1883లో క్రాకోవ్ నగరంలో ఇద్దరు శాస్త్రవేత్తలు, వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ, ఆక్సిజన్‌ను గాజు గొట్టంలో నిలకడగా మరిగే ద్రవంగా చేసి కళ్లారా చూశారు. తయారైతే చేశారు గానీ దాచడం కష్టమైంది. చూస్తుండగానే మరిగి మాయమయ్యేది. మంచుగడ్డకు ఊక ఏపాటి రక్షణ ఇస్తుందో దీనికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. బంధించిన గాలి కూడా దీని ముందు మంటతో సమానమే.

లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పనిచేస్తున్న జేమ్స్ డీవర్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త 1892లో ఒక మాట పట్టుకున్నాడు. గాలిని బంధించే బదులు గాలినే తీసేస్తే? ఒక గాజు పాత్రలో మరో గాజు పాత్ర పెట్టి, రెండింటినీ మూతి దగ్గర కలిపి అతికించి, నడుమ ఉన్న గాలినంతా పీల్చేసి, సీలు వేశాడు. గోడకు గోడకు మధ్య మిగిలింది శూన్యం.

ఇది ఎందుకు పనిచేసిందో చెప్పాలంటే వేడి నడిచే దారులు చెప్పుకోవాలి. బడిలో చదువుకున్నవే. ఒకటి వహనం. కాలుతున్న అట్లకాడ కొనను తాకకపోయినా పిడి వేడెక్కుతుంది. లోహంలోని కణం పక్క కణాన్ని తట్టి వేడిని చేతులు మారుస్తుంది. రెండోది సంవహనం. ఎసట్లో నీళ్లు అడుగున వేడెక్కి పైకి లేచి, పైవి కిందికి దిగి, వేడిని మోసుకు తిరుగుతాయి. మూడోది వికిరణం. చలికాలం నెగడు దగ్గర నిలబడితే మొహం మాడుతుంది, వీపు వణుకుతుంది. గాలి మోసుకొచ్చిన వేడైతే వీపుకూ తగలాలి కదా. అది వెలుగులాగా నిప్పు నుంచి సూటిగా మొహానికి దూకిన వేడి.

మొదటి రెండు దారుల్లో వేడికి మోత కూలీలు కావాలి. కణాలు కావాలి. శూన్యంలో కూలీలే లేరు. ఆ రెండు దారులూ ఒక్క దెబ్బతో దాదాపు మూసుకుపోయాయి. మూడో దారికి కూలీలు అక్కర్లేదు. సూర్యుడి వేడి మన దగ్గరికి వచ్చేది శూన్యం మీదుగానే గదా. దానికి డీవర్ గాజు గోడలకు వెండి పూత పూశాడు. అద్దం వెలుగును తిప్పికొట్టినట్టు వెండి ఆ వేడిని తిప్పికొట్టింది. అలా మూడు దారులకూ కాపలా కుదిరింది.

డీవర్ ఆ పాత్రకు పేటెంటు తీసుకోలేదు. బెర్లిన్‌లో రైన్‌హోల్డ్ బర్గర్ అనే గాజు పనివాడు దానికి ఇంట్లో వాడుకునే రూపం ఇచ్చాడు. 1904లో అది థర్మాస్ అనే పేరుతో అంగళ్లలోకి వచ్చింది. ఆక్సిజన్, హైడ్రోజన్ లాంటి వాయువులను దాచడానికి పుట్టిన పాత్ర, మన ఇళ్లలో పసిపిల్లల పాలకూ, ఆసుపత్రి చాయ్‌కూ వచ్చింది. ట్యాంకే పెద్దక్క, ఫ్లాస్కు చెల్లెలు.

గాజు ఫ్లాస్కు విషయంలో ప్రతి ఇంట్లోనూ ఒక అనుభవం ఉంటుంది. నా చిన్నప్పుడు నాన్నకు ఆసుపత్రిలో ఆపరేషన్ అయితే, అమ్మ రోజూ ఫ్లాస్కులో పాలు పట్టుకెళ్లేది. ఒకరోజు నా చేతిలోంచి అది జారింది. మెత్తటి చప్పుడు ఒకటి వినిపించింది, అంతే. పైన ప్లాస్టిక్ తొడుగు గీత పడకుండా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గాజు పెంకులు గలగలమన్నాయి. "పైన బాగానే ఉంటుంది నాయనా, లోపల పోతుంది" అంది. ఆ రోజు వేరే గిన్నెలో పట్టుకెళ్లిన పాలు నాన్న దగ్గరికి చేరేసరికి చల్లారిపోయాయి. గోడ పోయినా బయటికి తెలియదన్న మాట నాకు అప్పుడే మనసులో పడింది. అమ్మ చెప్పిన ఆ మాట ఆక్సిజన్ ట్యాంకుకూ అక్షరాలా వర్తిస్తుంది.

ఇక ట్యాంకు గోడలోకి వెళ్దాం. లోపల స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర, బయట మామూలు ఉక్కు పాత్ర. మామూలు ఉక్కు అంత చలికి గాజులా పెళుసుబారుతుంది, అందుకే అది బయటే ఉండాలి. రెండింటి నడుమ జానెడు, అంతకు కొంచెం అటూ ఇటూ సందు. ఆ సందులో పెర్లైట్ అనే తెల్లటి పొడి నింపుతారు. అది అగ్నిపర్వతాల నుంచి వచ్చిన గాజు రాయి. దాంట్లో కాస్త నీరు చిక్కుకుని ఉంటుంది. రాయిని నలగ్గొట్టి సుమారు 900 డిగ్రీల వేడి చూపిస్తే ఆ నీరు ఆవిరై, రాయి పేలాల్లా ఉబ్బుతుంది. నాలుగు రెట్ల నుంచి ఇరవై రెట్ల దాకా పెరుగుతుంది. చేతిలోకి తీసుకుంటే మరమరాల కన్నా తేలిక. ఆ పొడి నింపాక పంపులు పెట్టి సందులోని గాలినంతా లాగేస్తారు.

శూన్యమే ఉంటే మళ్లీ పొడి ఎందుకు అని అడగొచ్చు. పొడి రెండు పనులు చేస్తుంది. వికిరణంగా దూకే వేడికి అడుగడుగునా అడ్డం పడుతుంది. పంపులకు అందక మిగిలిపోయిన గాలి కణాలను ఆ సన్నటి సందుల్లో తిరగనివ్వదు. అలా శూన్యం కాస్త తగ్గినా గోడ ఒక్కసారిగా కూలిపోకుండా నిలబెడుతుంది. శూన్యంలో ఉంచిన పెర్లైట్ గుండా పోయే వేడి, అదే మందం థర్మోకోల్ గుండా పోయే వేడిలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఊకను తలచుకోండి. మనవాళ్లు ఊకలో గాలిని బంధించారు. ఇక్కడ ఊకను ఉంచి గాలిని తీసేశారు.

అయినా వేడికి కొన్ని దొడ్డిదారులు మిగులుతాయి. లోపలి పాత్ర గాలిలో వేలాడదు. దానికి కాళ్లు కావాలి, గొట్టాలు కావాలి. ఆ కాళ్ల వెంట, గొట్టాల వెంట వేడి పాకుతుంది. అందుకే ఊతాలను వేడిని తక్కువగా మోసే పదార్థంతో చేస్తారు. గొట్టాలను సన్నగా, పొడుగ్గా తిప్పుతారు. స్టెయిన్‌లెస్ స్టీలు రాగితో పోలిస్తే వేడిని పాతికో వంతు కూడా మోయదు. సూటిగా వచ్చే అతిథిని పది సందులు తిప్పి తీసుకొచ్చినట్టు, వేడిని అలసిపోయేలా చేస్తారు. ఇంత చేసినా రోజుకు కొంత ఆవిరి తప్పదు. మంచి స్థితిలో ఉన్న పెద్ద ట్యాంకులో అది నూటికి ఒక వంతు కన్నా తక్కువే.

అందులో ఏముంది, ఒక్క వంతే కదా అనిపించవచ్చు. పదివేల లీటర్ల ట్యాంకు అనుకోండి. నూటికి ఒక వంతు అంటే వంద లీటర్ల ద్రవం. ఇందాకటి లెక్కన నిమిషానికి పది లీటర్లు కావలసిన ఆరుగురికి ఒక పగలూ ఒక రాత్రీ ఊపిరి. ఆసుపత్రిలో వాడకం జోరుగా ఉన్నప్పుడు ఆ ఆవిరి కూడా గొట్టంలోకే వెళ్లి మంచానికి చేరుతుంది, వృథా కాదు. ట్యాంకరు దారిలో ఆగిపోయినప్పుడు, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోసేటప్పుడు, గోడ బలహీనపడినప్పుడు మాత్రం అది ఆకాశం పాలవుతుంది.

గోడ బలహీనపడిందని ఎలా తెలుస్తుంది? శూన్యాన్ని కొలిచే సాధనాలున్నాయి. ఒత్తిడి చూపే మీటర్లున్నాయి. వాటికి ముందు అరచేయి ఉంది. ట్యాంకుల దగ్గర పనిచేసేవాళ్లు బయటి గోడ మీద చేయి వేసి చూస్తారు. అది ఎండకు వెచ్చగా, పొడిగా ఉంటే క్షేమం. ఒకచోట చెమ్మ తగిలినా, మంచు మచ్చ కనిపించినా లోపల శూన్యం పోతోందని గుర్తు. లోకమంతా చల్లటి పాత్రకు చల్లటి స్పర్శ ఉండాలనుకుంటుంది. ఇక్కడ చలి బయటికి తెలిసిందంటే గోడ ఓడిపోయినట్టే.

ఆ తెల్ల ట్యాంకు పక్కన మంచు పట్టిన రెక్కలు చెప్పాను కదా, వాటి సంగతి వేరు. ఐదడుగుల దూరంలో వేడిని రావద్దని అంత గోడ కట్టి, ఈ రెక్కల దగ్గర దానికి తలుపులు బార్లా తెరిచాం. ద్రవం ఆ గొట్టాల్లోకి రాగానే బయటి గాలిలోని వేడిని తాగి వాయువైపోతుంది. కరెంటు అక్కర్లేదు, మంట అక్కర్లేదు. గాలిలోని తేమ గడ్డకట్టి రెక్కల మీద మంచవుతుంది. వాయువైన ఆక్సిజన్ అక్కడి నుంచి గొట్టాల వెంట మంచం తల దాకా వెళ్తుంది.

ఇప్పుడు బేగంపేట రన్‌వే దగ్గరికి తిరిగి రావచ్చు. ఎంత గొప్ప గోడైనా వేడిని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదని చెప్పుకున్నాం. నిండు ట్యాంకరులో ద్రవం నెమ్మదిగా మరుగుతూనే ఉంటుంది. ఆ ఆవిరికి దారి ఇవ్వకపోతే ఒత్తిడి పెరిగి పాత్రే బద్దలవుతుంది. లీటరుకు 860 లీటర్లన్న లెక్క ఇక్కడ భయపెడుతుంది. అందుకే ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ తప్పదు. రోడ్డు మీద అది తెరుచుకుంటే వాయువు గాలిలో కలిసిపోతుంది. మూసి ఉన్న విమానం కడుపులో తెరుచుకుంటే? అక్కడ ఆక్సిజన్ పేరుకుంటుంది. ఆక్సిజన్ తనంతట తాను మండదు గానీ, మండే ప్రతిదాన్నీ రెచ్చగొడుతుంది. నూనె మరక, గుడ్డ పీలిక, ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా ఎత్తుకు పోయేకొద్దీ బయటి ఒత్తిడి మారుతుంది, లోపల టన్నుల కొద్దీ ద్రవం అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఖాళీ ట్యాంకరుకు ఆకాశం, నిండు ట్యాంకరుకు నేల. ఒక వైపు ప్రయాణంలో మిగిల్చిన కాలమే మంచాల దగ్గర లెక్కకు వచ్చింది.

ఆ రోజుల్లో రైలు కూడా చేయి కలిపింది. దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ నిండింది మన తెలుగు నేల మీదే. మహారాష్ట్ర నుంచి ఖాళీగా వచ్చిన ఏడు ట్యాంకర్లను విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపి, ఏప్రిల్ 22న తిరిగి పంపారు. మే 2న ఒడిశాలోని అంగుల్ నుంచి తెలంగాణకు తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. అయిదు ట్యాంకర్లలో 63 టన్నులకు పైగా ద్రవ ఆక్సిజన్‌తో సనత్‌నగర్ గూడ్స్ స్టేషన్‌లో ఆగింది. బేగంపేటకు కూతవేటు దూరం అది. విమానం ఖాళీగా ఎత్తుకెళ్లిన దారిని రైలు నిండుగా పూర్తి చేసింది.

ఆ ప్రయాణాల్లో కొరత ఆక్సిజన్ ఒక్కటే కాదని దేశానికి అర్థమైంది. కర్మాగారాల్లో ఆక్సిజన్ ఉన్నా, దాన్ని చలి చెడకుండా మోసే గోడలు చాలినన్ని లేవు. నైట్రోజన్, ఆర్గాన్ మోసే ట్యాంకర్లను శుభ్రం చేసి ఆక్సిజన్‌కు మళ్లించారు. విదేశాల నుంచి ఖాళీ కంటైనర్లను విమానాల్లో తెప్పించారు. ఖాళీ పాత్ర కోసం దేశాలు దాటి వెళ్లామంటే, ఆ పాత్ర గోడ ఎంత విలువైనదో చూడండి. ఆ గోడను ఇనుప రేకు వంచినట్టు వారం రోజుల్లో వంచి తయారు చేయలేం. అతుకు అతుకూ పరీక్షించాలి. రోజుల తరబడి గాలి పీల్చాలి.

గోడతో పాటు దాని చుట్టూ ఉన్న జాగ్రత్త కూడా అంతే విలువైనది. ఏప్రిల్ 21న నాసిక్‌లోని ఒక ఆసుపత్రిలో ట్యాంకు దగ్గర ఆక్సిజన్ కారిపోయి, లోపల మంచాలకు ఒత్తిడి పడిపోయి, కనీసం 22 మంది చనిపోయారు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు రావడం ఆలస్యమై, ఒత్తిడి తగ్గి, అధికారులు చెప్పిన లెక్కనే 11 మంది పోయారు. ఆ కుటుంబాల దుఃఖం ముందు ఏ సాంకేతిక వివరమూ నిలవదు. అయినా ఈ వివరాలు ఎందుకు చెబుతున్నానంటే, ట్యాంకులో ఎన్ని అంగుళాలు మిగిలిందో గంట గంటకూ చూసే ఒక మనిషి, వాల్వ్ గట్టిదనం సరిచూసే ఒక మనిషి, ప్రాణాలకు డాక్టరంత దగ్గరివాళ్లు. మనం వాళ్లను చూడం.

ఈ చలి గోడ ఆసుపత్రులకే పరిమితం కాదు. పల్లెల్లో గోపాలమిత్ర బండి వెనక పెట్టుకుని తిరిగే అల్యూమినియం క్యాను చూశారా? మూత తీస్తే తెల్లటి పొగ నేల మీదికి దిగుతుంది. దాంట్లో ఉండేది ద్రవ నత్రజని, సున్నాకు 196 డిగ్రీలు దిగువన. పాడి పశువులకు ఎద వచ్చినప్పుడు వేసే వీర్యపు గొట్టాలు దాంట్లోనే దాస్తారు. అంత చిన్న క్యానులో పెర్లైట్‌కు చోటు చాలదు. అక్కడ పలుచటి అల్యూమినియం పూత పూసిన రేకులను, నడుమ సన్నటి గాజు నూలు కాగితం వేసి, పదుల కొద్దీ పొరలు చుడతారు. పొర పొరా అద్దమే. గట్టిగా బిగించి చుడితే పొరలు ఒకదానికొకటి తగిలి వేడి దాటిపోతుంది, వదులుగా చుట్టాలి. ఉపగ్రహాలకు చుట్టే మెరిసే రేకుల్లో ఉన్న సూత్రమూ ఇదే. మెడ సన్నగా ఉండేది కూడా వేడి దిగే దారి ఇరుకు చేయడానికే. ఎండలో గతుకుల దారిన తిరిగినా వారాల తరబడి నత్రజని నిలుస్తుంది. ఆ క్యాను కింద పడి మెడ పగిలిందా, ఊళ్లో ఎవరి గేదెకో ఒక ఏడాది ఈత దండగ.

శ్రీహరికోటలో ఈ పందెం ఇంకా కఠినం. 2014 జనవరి 5న మన సొంత క్రయోజెనిక్ దశతో జీఎస్ఎల్‌వీ ఎగిరింది. దాంట్లో ద్రవ ఆక్సిజన్‌తో పాటు ద్రవ హైడ్రోజన్ ఉంటుంది, సున్నాకు 253 డిగ్రీలు దిగువన. ఆ చలి తగిలితే మన చుట్టూ ఉన్న గాలే ద్రవమై, ఆపై గడ్డకడుతుంది. రాకెట్టుకు బరువే శత్రువు కాబట్టి ఉక్కు గోడలూ పెర్లైటూ మోయలేదు. తేలికైన నురగ పొర చుట్టి, ఎగిరే ముందు చివరి గంటల్లోనే ఇంధనం నింపుతారు. కొన్ని గంటలు నిలిస్తే చాలు. ఆసుపత్రి ట్యాంకు మాత్రం పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి నిలవాలి.

శ్రోతలారా, ఆ ఏప్రిల్ తర్వాత మన ఆసుపత్రుల్లో కొత్త ట్యాంకులు చాలా వచ్చాయి. అవి ఉన్నాయని మనం మర్చిపోయాం కూడా. మర్చిపోవడానికి వీల్లేని కొన్ని సంగతులు చెప్పి ముగిస్తాను. ట్యాంకు కింద నేల సిమెంటుదై ఉండాలి. తారు మీద ద్రవ ఆక్సిజన్ చిందితే అది పేలుడు పదార్థమవుతుంది. కంచె దగ్గర బీడీ వెలిగించకండి, బండి ఆపకండి, చెత్త వేయకండి. సేఫ్టీ వాల్వ్ అప్పుడప్పుడు బుస్సుమంటే అది ట్యాంకు ఊపిరి తీసుకోవడమే, భయం లేదు. తెల్లటి పొగ మేఘంలా నేల మీద పరుచుకుంటే మాత్రం వెంటనే దూరంగా జరిగి సిబ్బందికి చెప్పండి. ఏ ఆసుపత్రి కమిటీలోనైనా మీకు మాట చెల్లుబాటైతే, ఒక ప్రశ్న అడగండి. "మన ట్యాంకు గోడలో శూన్యం చివరిసారి ఎప్పుడు కొలిచారు?" అని. పెర్లైట్ పొడి ఏళ్ల మీద బస్తా కుదిపినట్టు కిందికి దిగి పైన ఖాళీ పడుతుంది, ముఖ్యంగా గతుకుల రోడ్ల మీద తిరిగే ట్యాంకర్లలో. శూన్యమూ కొద్దికొద్దిగా తరుగుతుంది. అమ్మ ఫ్లాస్కును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసినట్టు, ఎవరో ఒకరు అడిగి చూస్తూ ఉండాలి. పైన బాగానే ఉంటుంది, లోపల పోతుంది.

రేపు తెల్లవారుజామున కూడా ఆసుపత్రి గేటు దగ్గర ఎవరో ఒకరు ఫ్లాస్కు మూత బిగిస్తారు. అదే వేళకు వెనక వైపు, కంచె లోపల, రాత్రి డ్యూటీ మనిషి ఒకరు ట్యాంకు మట్టం చూసి, మీటరు చూసి, తెల్ల గోడ మీద అరచేయి వేస్తాడు. గోడ పొడిగా, గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత వెచ్చగా ఉంటుంది. రిజిస్టరులో టైము వేసి సంతకం పెడతాడు. పైన వార్డులో ఒక మనిషి పక్కకు ఒత్తిగిలి, నిదానంగా ఊపిరి తీసుకుంటాడు.